నాలాంటివాళ్ళు నూరుమంది ఉంటే

(రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించుకున్న మహిళలు, వాళ్ళ కుటుంబసభ్యుల కోసం తిరుపతిలో జరిగిన సమావేశంలో చిత్తూరుకు చెందిన ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది.)

అందరికీ నమస్కారం.

కీమో మొదలైన మూడో వారానికే నా జుట్టు రాలిపోయింది. మా చిత్తూరులో ఉన్నన్ని రోజులు తలమీద కొంగు తీయకుండా గడప దాటలేదు. చికిత్స కోసం ఇక్కడ మా చెల్లెలింట్లో ఉన్నప్పుడు ఒకరోజు ధైర్యం చేసి, కొంగు లేకుండా గాంధీరోడ్డుకు వెళ్ళాను. పూలమ్మే ఆమె నన్ను చూసి, "కొండకు పోయొచ్చినావా అమ్మా, దర్శనం బాగా అయిందా?" అని అడిగింది. ఈ ఊళ్ళో గుండును చూసి ఎవరూ జాలిపడరు. మొక్కు తీర్చుకుని వచ్చిందనుకుంటారు. "బాగా అయిందమ్మా" అన్నాను. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను, కానీ అది బాధతో కాదు.

ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అయింది. ఆఖరి రేడియేషన్ రోజు మా ఇంట్లో పొంగలి పెట్టారు. "అంతా అయిపోయింది" అని మా ఆయన బంధువులందరికీ ఫోన్లు చేశారు. మర్నాడు ఆస్పత్రిలో నా చేతికి ఒక చీటీ ఇచ్చారు. లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు, రోజుకొకటి, ఐదేళ్ళు. అంతే రాసుంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు హార్మోన్ల పాఠం చెప్పినదాన్ని, నాకు రాసిన హార్మోన్ మాత్ర గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. బయట వరసలో ఇంకా యాభైమంది కూర్చుని ఉన్నారు, అడిగితే ఏమనుకుంటారో అనిపించింది.

ఆ రోజు నేను అడగని ప్రశ్నల కోసమే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

మొదట పేరుతోనే చిక్కు. హార్మోన్ థెరపీ అంటే మనకేదో హార్మోన్ ఎక్కిస్తారని అందరూ అనుకుంటారు. "హార్మోన్ మాత్రలు వద్దు, ఒళ్ళొస్తుంది, మళ్ళీ క్యాన్సర్ వస్తుంది" అని మా వదిన కూడా చెప్పింది. ఇది హార్మోన్ ఇచ్చే మందు కాదు, హార్మోన్ పనిని ఆపే మందు. ముట్లు ఆగాక ఒంటి ఆవిర్లు తగ్గడానికి కొందరికి ఈస్ట్రోజన్ మాత్రలు రాస్తారు చూడండి, అది దీనికి పూర్తిగా ఎదురు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకు అలాంటి హార్మోన్ మాత్రలిచ్చి చూసిన ఒక అధ్యయనాన్ని, క్యాన్సర్ ఎక్కువమందికి తిరగబెడుతోందని తెలిసి 2003లో మధ్యలోనే ఆపేశారు. రెండింటినీ జనం 'హార్మోన్ మాత్రలు' అనే పిలుస్తారు. కాబట్టి ఆవిర్లు వస్తున్నాయని మందుల షాపులో అడిగి ఏదో ఒకటి తెచ్చుకుని వేసుకోకండి. మీకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ముందు చెప్పండి.

మనలో చాలామందివి సేద్యం ఇళ్ళు కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. కొన్ని క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్‌ను పట్టుకునే గ్రాహకాలుంటాయి. మడికి మడవ ఉన్నట్టు. ఆ మడవలోంచి ఈస్ట్రోజన్ అనే నీరు పారితేనే ఆ కలుపు పెరుగుతుంది. టామోక్సిఫెన్ చేసే పని మడవకు అడ్డం పడడం. ఒంట్లో నీళ్ళున్నా ఆ మడిలోకి పోవు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎగ్జిమెస్టేన్ అనే మూడు మందుల దారి వేరు. ముట్లు ఆగాక అండాశయం అనే పెద్దబావి ఎండిపోతుంది. అయినా కొవ్వులో, కండరాల్లో ఆరోమటేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది, ఊటలాగా. ఈ మూడు మందులు ఆ ఊటను ఆపుతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెద్దబావి ఇంకా పారుతుంటే ఊటను ఆపి లాభం లేదు. అందుకే ముట్లు ఆగని ఆడవాళ్ళకు లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే పనిచేయదు. వాళ్ళకు టామోక్సిఫెన్ ఇస్తారు, లేదా అండాశయాల పని ఆపే ఇంజెక్షన్ ఇస్తూ దాంతోపాటు లెట్రోజోల్ లాంటిది ఇస్తారు. మన రాష్ట్రంలో ముప్పై, ముప్పైఐదేళ్ళకే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంటుంది. "ముట్లు వస్తున్నాయా?" అని డాక్టరు అడిగితే వాళ్ళు "లేదు" అంటారు. నిజమే, గర్భసంచి లేదు కాబట్టి ముట్లు రావు. కానీ అండాశయాలు అలాగే ఉండి ఉండొచ్చు, బావి పారుతూనే ఉండొచ్చు. కాబట్టి "గర్భసంచి తీశారు, అండాశయాలు తీశారో లేదో తెలియదు" అని పూర్తిగా చెప్పండి. పాత ఆపరేషన్ కాగితాలుంటే తీసుకెళ్ళండి. కీమోవల్ల ముట్లు ఆగినవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ముఖ్యంగా నలభైల్లో ఉన్నవాళ్ళకు అవి మళ్ళీ మొదలుకావచ్చు. రక్తపరీక్ష చేసి చూస్తారు.

ఈ జ్ఞానం కొత్తదేమీ కాదు. గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళకు అండాశయాలు తీసేస్తే గడ్డలు తగ్గాయని 1896లోనే రాశాడు. టామోక్సిఫెన్‌ను ఇంగ్లండులో 1962లో గర్భం రాకుండా ఆపే మందు కోసం వెతుకుతూ తయారుచేశారు. దానికి అది పనికిరాలేదు. పదేళ్ళ తర్వాత క్యాన్సర్‌కు పనికొచ్చింది. ఈ మందును అరవై ఏళ్ళుగా లోకం చూస్తోంది. దీని మంచీ చెడూ రెండూ బాగా తెలిసిన విషయాలే.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

మాత్ర మొదలుపెట్టిన రెండో నెలకు పొద్దున లేస్తే పిడికిలి బిగించలేకపోయేదాన్ని. కాలేజీలో బోర్డు మీద కప్ప గుండె బొమ్మ గీయాలంటే సుద్దముక్క వేళ్ళ మధ్య నిలిచేది కాదు. కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. నాలుగో నెలలో మొక్కు ఉందని అలిపిరి మెట్లెక్కాను. 3550 మెట్లు. గాలిగోపురం దాకా బాగానే వచ్చాను. మోకాళ్ళ పర్వతం దగ్గర, అందరూ మోకాళ్ళ మీద ఎక్కేచోట, నేను కూర్చుండిపోయాను. మా కోడలు ఒక చెయ్యి, ఎవరో తెలియని తమిళామె ఒక చెయ్యి పట్టుకుని పైకి చేర్చారు. ఆ మెట్టు మీద కూర్చునే అనుకున్నాను, ఇక ఈ మాత్ర వద్దని.

ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలకొకసారి రివ్యూకు వెళ్ళేదాన్ని. "మాత్రలు వేసుకుంటున్నారు కదా?" అంటే "వేసుకుంటున్నాను సార్" అనేదాన్ని. డాక్టరు మళ్ళీ మూడు నెలలకు రాసేవారు. నేను కొనేదాన్ని, బీరువాలో పెట్టేదాన్ని. మందులు కొని వేసుకోకుండా దాచడం ఏమిటో నాకే అర్థమయ్యేది కాదు. ఇంట్లోవాళ్ళకు బిల్లు కనబడాలని కాబోలు.

నాలుగు నెలల తర్వాత మా కోడలు చీరల కింద పన్నెండు స్ట్రిప్పులు చూసింది. గొడవ చేయలేదు. "అత్తమ్మా, ఈసారి నేనూ వస్తాను" అంది. వచ్చి ఆ పన్నెండూ డాక్టరు టేబుల్ మీద పెట్టింది. ఆ రోజు డ్యూటీలో ఇంకో డాక్టరమ్మ ఉన్నారు. ఆమె నన్ను తిట్టలేదు. "మానేసినందుకు కాదమ్మా, చెప్పనందుకు బాధగా ఉంది. ఇప్పుడైనా చెప్పారు, కూర్చోండి" అన్నారు. నా బయాప్సీ రిపోర్టు తీసి, దాని వెనక తెల్లకాగితం పెట్టి అంకెలు వేశారు. చికిత్స మొదలై ఏడాది దాటాక, మొదటిసారి నా జబ్బు నాకు అర్థమైంది.

నాది 2.8 సెంటీమీటర్ల గడ్డ. గ్రేడ్ రెండు. చంకలో రెండు లింఫు గ్రంథులకు పాకింది. ఈస్ట్రోజన్ గ్రాహకం స్కోరు ఎనిమిదికి ఎనిమిది. హర్‌2 అనే ప్రొటీన్ పరీక్ష నెగెటివ్. "మీలాంటివాళ్ళు నూరుమంది ఉంటే, ఈ మాత్ర వేసుకోకపోతే పదిహేనేళ్ళలో సుమారు నలభైమందికి జబ్బు తిరగబెడుతుంది. వేసుకుంటే ఇరవై అయిదుమందికి దిగుతుంది. వేసుకోకపోయినా అరవైమంది బాగుంటారు, వేసుకున్నా ఇరవై అయిదుమందికి వస్తుంది. మధ్యలో ఆ పదిహేనుమందికి మాత్రం ఈ మాత్రే కాపు" అన్నారు. ఆ పదిహేనుమందిలో నేనున్నానో లేనో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ లెక్క తెలిసింది.

మీరు అడగాల్సిన ప్రశ్న ఇదే తల్లీ. "ఈ మాత్ర మంచిదా?" అని అడగకండి. మంచిదే అంటారు. "నాలాంటివాళ్ళు నూరుమంది ఉంటే, వేసుకుంటే ఎంతమంది, వేసుకోకపోతే ఎంతమంది?" అని అడగండి. "సగానికి సగం తగ్గుతుంది" అన్న మాట ఒక్కటే వింటే సరిపోదు. ఎంతలో సగం? మొదటే ఆరుగురికి వచ్చే ప్రమాదముంటే సగమంటే ముగ్గురు. నలభైమందికి వచ్చే ప్రమాదముంటే అది వేరే సంగతి. టామోక్సిఫెన్ మీద ప్రపంచంలోని అధ్యయనాలన్నీ కలిపి 2011లో లెక్కగట్టారు. గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్‌లో ఐదేళ్ళు వేసుకున్నవాళ్ళలో, పదిహేనేళ్ళకు ఈ జబ్బుతో చనిపోయినవాళ్ళు నూటికి 33 నుండి 24కు తగ్గారు. మాత్ర ఆపేశాక కూడా దాని మేలు ఏళ్ళ తరబడి సాగింది. లెట్రోజోల్ లాంటివి ముట్లాగినవాళ్ళలో టామోక్సిఫెన్ కంటే ఇంకొంచెం బాగా పనిచేస్తాయి. ఇవన్నీ గ్రాహకాలున్నవాళ్ళకే. రిపోర్టులో ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ గ్రాహకం, పీఆర్ అంటే ప్రొజెస్టిరాన్ గ్రాహకం, ఆ రెండూ నెగెటివ్ అని ఉంటే ఈ మాత్రల ప్రసక్తే లేదు, పక్కింటామె వేసుకుంటోందని మీరు అడగనక్కరలేదు.

కేంబ్రిడ్జ్‌వాళ్ళు తయారుచేసిన ప్రెడిక్ట్ అనే లెక్క ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. వయసు, గడ్డ సైజు, గ్రేడు, గ్రంథులు వేస్తే నూటికి ఎంతమందో చూపిస్తుంది. అది ఇంగ్లండు ఆడవాళ్ళ వివరాలతో కట్టిన లెక్క, మనకు అచ్చంగా సరిపోతుందని కాదు. డాక్టరును పక్కన పెట్టుకుని చూడండి. ఒంటరిగా రాత్రి పదకొండు గంటలకు ఫోనులో చూసుకుంటే నిద్ర పట్టదు.

(సభలో ఒకరు: మా అమ్మకు డెబ్బై ఎనిమిది అమ్మా. చిన్న గడ్డ. మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని వద్దంటోంది. బలవంతంగా వేయాలా?)

బలవంతంగా ఏదీ వద్దు నాయనా. మా పెద్దమ్మది ఇదే కథ. ఆమెకు సెంటీమీటరు కూడా లేని గడ్డ, గ్రంథుల్లో లేదు. గుండె జబ్బు ఉంది, ఎముకలు అప్పటికే గుల్లబారి ఉన్నాయి. ఆమె డాక్టరు నూటికి రెండో మూడో తేడా అని చెప్పి, "మీ ఇష్టం, రెండూ తప్పు కాదు" అన్నారు. ఆమె వద్దనుకుంది. ఏడాదికొకసారి మామోగ్రామ్‌కు మాత్రం తప్పకుండా పోయేది. డాక్టరుకు తెలిసి, లెక్క తెలిసి వద్దనుకోవడం నిర్ణయమే. నేను చేసింది నిర్ణయం కాదు, దాచడం. అమ్మను ఒకసారి తీసుకెళ్ళి, కళ్ళు తిరగడం ఈ మాత్రవల్లా, బీపీ మాత్రవల్లా అని ముందు చూపించు. మందు మార్చి చూడొచ్చేమో అడుగు. ఆ తర్వాత అమ్మ ఏమంటే అది.

ఇంకో వైపు చిన్న వయసువాళ్ళున్నారు. ముప్పైల్లో జబ్బు వచ్చి, పిల్లలు కావాలనుకునేవాళ్ళు. టామోక్సిఫెన్ వేసుకుంటూ గర్భం దాల్చకూడదు, కడుపులో బిడ్డకు హాని. ముట్లు ఆగినట్టున్నా గర్భం రావచ్చు కాబట్టి కాపర్‌టీ లాంటి హార్మోన్ లేని పద్ధతి వాడాలి. అలాగని ఐదేళ్ళూ ఆగితే వయసు దాటిపోతుందని భయం. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాదిన్నర నుండి రెండున్నరేళ్ళు మాత్ర వేసుకుని, గర్భం కోసం రెండేళ్ళ దాకా ఆపి, మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళలో కొద్దికాలం వరకు చూస్తే జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. దూరం సంగతి ఇంకా చూస్తున్నారు. ఆశ ఉంది తల్లీ. కానీ ఆపే ముందు అడగాలి, ఆపిన తర్వాత కాదు.

ఇక బాధల సంగతి. వీటిని చిన్నవి చేసి చెప్పను. లెట్రోజోల్ తరహా మందులు వేసుకునేవాళ్ళలో సగంమంది దాకా కీళ్ళనొప్పులు వస్తాయి. నా విషయంలో మాత్ర ఆగి అప్పటికే నాలుగు నెలలయింది. విటమిన్ డి చూస్తే బాగా తక్కువుంది. తర్వాత డాక్టరమ్మ ఎగ్జిమెస్టేన్‌కు మార్చారు. ఒక మాత్ర పడనివాళ్ళకు అదే తరహాలో ఇంకోటి పడడం మామూలే. అదీ పడకపోతే టామోక్సిఫెన్ ఉంది. రోజూ నడవమన్నారు. నొప్పిగా ఉంటే ఎలా నడవాలి అని మొదట కోపం వచ్చింది. పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి ముప్పావుగంటకు వచ్చాను. నడకతో ఈ నొప్పి తగ్గుతుందని అధ్యయనాలు చెప్తున్నాయి, నా మోకాళ్ళూ ఒప్పుకున్నాయి. నొప్పి పూర్తిగా పోలేదు. ఓర్చుకోగలిగినంతకు వచ్చింది.

ఎముకలు పలచబడతాయి. అందుకే మొదలుపెట్టేటప్పుడే ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించుకోవాలి, తర్వాత ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ. మనది రాగిసంగటి తినే సీమ, ఆ అదృష్టం వదులుకోవద్దు. నూరు గ్రాముల రాగుల్లో మూడువందల మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది. అయితే సంగటి ఒక్కటే చాలదు. డాక్టరు చెప్పిన కాల్షియం, విటమిన్ డి కూడా కావాలి. కొందరికి ఆరు నెలలకొకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దానికి ముందు పళ్ళు చూపించుకోవాలి.

టామోక్సిఫెన్ ఎముకలను చెడగొట్టదు, ముట్లాగినవాళ్ళలో కాపాడుతుంది కూడా. దాని ఇబ్బందులు వేరు. కాళ్ళలో రక్తం గడ్డకట్టొచ్చు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. ముట్లాగిన ఆడవాళ్ళలో కొద్దిమందికి గర్భసంచి లోపొర క్యాన్సర్ రావచ్చు. నూటికి కొద్దిమందే, ముందుగా కనిపెడితే నయమవుతుంది. ముట్లాగాక మళ్ళీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కయినా సరే చెప్పాలి. డిప్రెషన్‌కు వాడే పరాక్సిటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి కొన్ని మందులు టామోక్సిఫెన్ బలాన్ని తగ్గిస్తాయి. కాబట్టి మీరు వాడే ప్రతి మందూ, లేహ్యాలూ చూర్ణాలూ సహా, ఒక సంచిలో వేసుకెళ్ళి చూపించండి.

ఒంటి ఆవిర్లు... మే నెల తిరుపతిలో బయట ఎండ, లోపల మంట. అది పడినవాళ్ళకే తెలుసు. హార్మోన్ లేని మందులున్నాయి, వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటివి. డాక్టరు చూసి ఇస్తారు. ఇంకొకటి, ఎవరూ అడగనిది. యోని పొడిబారి భర్తతో కలవడం నరకమవుతుంది. నాలుగేళ్ళు ఈ మాట ఎక్కడా అనలేదని ఒకామె నాతో చెప్పింది, ఆమె భర్త తనంటే విరక్తి పుట్టిందనుకున్నాడట. ఇక్కడ మగవాళ్ళు కూడా ఉన్నారు, వినండి అన్నా. అది విరక్తి కాదు, మందువల్ల. హార్మోన్ లేని జెల్స్, మాయిశ్చరైజర్లు దొరుకుతాయి. చెప్పడానికి సిగ్గుపడితే కాగితం మీద రాసి ఇవ్వండి.

డబ్బు వల్ల ఆపేవాళ్ళూ ఉన్నారు. టామోక్సిఫెన్, లెట్రోజోల్ రెండూ మన దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. జనఔషధి దుకాణాల్లో జనరిక్‌వి అడగండి. దూరం కూడా ఒకప్పటంత లేదు. మా అమ్మ కాలంలో క్యాన్సరంటే వేలూరుకో, మద్రాసుకో పోవాల్సిందే. ఇప్పుడు ఇక్కడే స్విమ్స్ ఆస్పత్రి ఉంది, 2022లో టాటా ట్రస్టులవాళ్ళ స్వికార్ క్యాన్సర్ ఆస్పత్రి వచ్చింది.

ఐదేళ్ళ తర్వాత ఇదే ప్రశ్న మళ్ళీ ఎదురయింది. నాలాగా రెండు గ్రంథులకు పాకి, ఐదేళ్ళకు మాత్ర ఆపినవాళ్ళలో, ఐదో ఏడు నుండి ఇరవయ్యో ఏడు లోపల నూటికి 26 మందికి వేరే అవయవాల్లో జబ్బు తేలిందని 2017లో ఒక పెద్ద లెక్క వచ్చింది. ఆపేయాలా, కొనసాగించాలా? ఈసారి నేను కాగితం, పెన్ను పట్టుకుని వెళ్ళాను. డెక్సా స్కాన్‌లో ఎముకల గట్టిదనం చెప్పే టీ స్కోరు నాకు మైనస్ 2.1కు దిగింది. ఐదేళ్ళ తర్వాత ఇంకో రెండేళ్ళు వేసుకున్నా, ఇంకో ఐదేళ్ళు వేసుకున్నా ఫలితం ఒకటేనని, ఐదేళ్ళు వేసుకున్నవాళ్ళలో ఎముకలు విరగడం ఎక్కువని ఆస్ట్రియా అధ్యయనం 2021లో చెప్పింది. డాక్టరమ్మ, నేను, మా కోడలు కూర్చుని ఏడేళ్ళ దగ్గర ఆపుదామనుకున్నాం. వచ్చే కార్తీకానికి అవి పూర్తవుతాయి. నాకు సరిపోయిన నిర్ణయం అది. మీది మీ రిపోర్టును బట్టి వేరుగా ఉండొచ్చు.

రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు ఇటు పక్క గదిలోకి రండి. డాక్టరమ్మ కూడా వచ్చారు. ఈఆర్, పీఆర్ ఎక్కడ రాసి ఉంటుందో నేను చూపిస్తాను, మీ అంకెలు ఆమె చెప్తారు. మాత్ర మానేసి చెప్పనివాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు మీరే రండమ్మా.